ఎకో పరీక్ష చెప్పు అంకె: ఎంతవరకు నమ్మవచ్చును?



రక్తపు పోటు, అనగా బి.పి., అను మాట వినని గ్రామము నేడు లేదు. చేతికి పట్టీ చుట్టి గాలి నింపి 120, 80 అని చెప్పు పరీక్షను మీరందరు చూచియే యుందురు. కాని మన దేహమున రక్తపు పోటు ఒకటి కాదు, రెండు. ఎడమ గుండె సర్వశరీరమునకు రక్తమును పంపునపుడు కలుగు పోటు మొదటిది. కుడి గుండె ఊపిరితిత్తులకు రక్తమును పంపునపుడు కలుగు పోటు రెండవది. మొదటిదానిని చేతి పట్టీ కొలుచును. రెండవదానిని ఏ పట్టీయు కొలువజాలదు. అది ప్రక్కటెముకల చాటున, గుండెకును ఊపిరితిత్తులకును నడుమ, పుపుస ధమని యను పెద్ద రక్తనాళమున దాగియున్నది. ఆ పోటు హెచ్చినదని ఎకో పరీక్ష చెప్పినపుడు ఆ మాటను ఎంతవరకు నమ్మవలెను, ఏ పనికి నమ్మరాదు అను విషయమును నేడు మీకు మనవి చేసెదను.

నేను హయత్‌నగరమున చాలకాలముగా వైద్యము చేయుచున్నవాడను. ఇబ్రహీంపట్నము వైపు పల్లెలనుండి నా యొద్దకు ఆయాసముతో వచ్చువారిలో అనేకుల చేతులందు పట్టణమున చేయించుకొన్న ఎకో కాగితము ఉండును. అందు అడుగు భాగమున ఆర్.వి.ఎస్.పి. అనియో, పి.ఎ.ఎస్.పి. అనియో వ్రాసి, దాని ప్రక్కన 52 అనియో 58 అనియో ఒక అంకె వేసియుందురు. ఆ అంకెను చూచి కొందరు న్యాయస్థానమున తీర్పు విన్నవారివలె క్రుంగిపోవుదురు. మరికొందరు, “బి.పి. 120 ఉండవలెను గదా, మాకు 58 మాత్రమే యున్నది” అని ధైర్యము చెప్పుకొందురు. ఈ భయమును ఈ ధైర్యమును రెండును తగినవి కావు.

ముందుగా ఏది సహజమో తెలిసికొందము. ఆరోగ్యవంతుని పుపుస ధమనిలో, గుండె ముడుచుకొనునపుడు పోటు సుమారు 20 మొదలు 25 మిల్లీమీటర్ల పాదరసము ఉండును. గుండె వదులగునపుడు సుమారు 10 ఉండును. రెంటి సగటు సుమారు 14. ఎడమ గుండె పోటుతో పోల్చిన ఇది అయిదవ వంతు మాత్రమే. ఊపిరితిత్తుల రక్తనాళములు మెత్తనివి, వెడల్పైనవి. వానిలోనికి రక్తమును త్రోయుటకు బలము ఎక్కువ అక్కరలేదు. అందుచేత కుడి గుండె గోడ పలుచనిది. 2018వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు నీస్ నగరమున కూడిన ప్రపంచ వైద్య సదస్సు, ఈ సగటు 20 మించినయెడల దానిని హెచ్చు పోటుగా ఎంచవలెనని ప్రతిపాదించినది. అంతకుముందు ఈ మేర 25. ఐరోపా వైద్య సంఘములు 2022లో ప్రకటించిన నియమములలో 20 అను మేరనే స్వీకరించినవి. ఇచ్చట ఒక సంగతి గుర్తుంచుకొనుడు. ఈ 20 అనునది సగటు పోటు. ఎకో కాగితముపై నుండునది గుండె ముడుచుకొనునప్పటి పై పోటు. ఈ రెంటిని ఒకదానితో ఒకటి పోల్చరాదు.

ఈ పోటు హెచ్చుటకు కారణములు అనేకములు. ఎడమ గుండె బలహీనమగుటయో బిరుసగుటయో అన్నిటికంటె తరచైన కారణము. చిన్ననాటి కీళ్లజ్వరమువలన గుండె కవాటములు చెడుట, పుట్టుకతో గుండెలో రంధ్రముండుట, కట్టెల పొయ్యి పొగవలనను చుట్ట బీడీలవలనను ఊపిరితిత్తులు పాడగుట, క్షయరోగపు మచ్చలు, కాలి సిరలలో పేరుకొన్న రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరి అడ్డుపడుట, ఇవియు కలవు. కారణము లేకయే రక్తనాళములు సన్నబడు వ్యాధియు కలదు గాని అది అరుదు. ఏ కారణముననైనను పోటు హెచ్చి చాలకాలము నిలిచినచో, పలుచని గోడగల కుడి గుండె అలసిపోవును. అప్పుడు నడచిన ఆయాసము, కాళ్లవాపు, కడుపున నీరు, కొన్నిసార్లు సొమ్మసిల్లుట కలుగును. కావున ఈ పోటు ఎంత అని అడుగుట వ్యర్థపు ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు సమాధానము ఎట్లు దొరకుచున్నదను దానిలోనే చిక్కు ఉన్నది.

మా హయత్‌నగరమున, గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగము పేర వెలసిన మసీదు చెంత, ఏనుగు బావి యని పిలువబడు విశాలమైన బావి కలదు. అట్టి బావి లోతు తెలిసికొనుటకు మార్గములు రెండు. మోకుకు రాయి కట్టి అడుగు తగులువరకు దించి, పైకి తీసి మూరలు లెక్కించుట ఒకటి. గట్టున నిలిచి గులకరాయి విడిచి, చప్పుడు వినబడువరకు పట్టిన కాలమును బట్టి ఊహించుట రెండవది. మొదటిది కొలత. రెండవది అంచనా. అంచనా కట్టుట సులభము, శ్రమ లేదు, అపాయము లేదు. అయినను గాలి హోరున నిలిచినవాని చెవి మోసపోవచ్చును. పుపుస ధమని పోటు తెలియుటకును ఇట్టివే రెండు మార్గములు కలవు.

మోకు దించు మార్గమునకు మూలపురుషుడు జర్మనీ దేశపు యువవైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్. ఆయన 1929లో ఎబెర్స్‌వాల్డె పట్టణపు ఆసుపత్రిలో తన చేతి సిరగుండా సన్నని గొట్టమును తన గుండెలోనికే ఎక్కించుకొని, ఎక్స్‌రే తీయించుకొనెను. తరువాత అమెరికాలో ఆంద్రె కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ అను వైద్యులు ఆ పద్ధతిని రోగుల పరీక్షకు తగినట్లు తీర్చిదిద్దిరి. ఆ ముగ్గురకు 1956లో నోబెలు బహుమానము లభించినది. 1970లో స్వాన్, గాంజ్ అను వైద్యులు చివర చిన్న బుడగ గల గొట్టమును ప్రవేశపెట్టిరి. రక్తప్రవాహము ఆ బుడగను తనంతట తానే పుపుస ధమనికి చేర్చును. ఇట్లు చేయు పరీక్షను కుడి గుండె కెథీటరు పరీక్ష అందురు. పోటు ఉన్నచోటికే పోయి దానిని కొలుచుట ఇందలి విశేషము.

గట్టున నిలిచి చప్పుడు విను మార్గమే ఎకో. స్వీడను దేశపు లుండ్ నగరమున ఇంగే ఎడ్లర్ అను వైద్యుడును హెల్ముత్ హెర్ట్జ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడును 1953లో, మన చెవికి వినబడని ధ్వని తరంగములను రొమ్ముపైనుండి లోనికి పంపి, వాని ప్రతిధ్వనినిబట్టి గుండె కదలికను తొలిసారి గుర్తించిరి. అయితే ప్రతిధ్వని గుండె రూపును చూపును గాని, పోటును చూపదు. పోటును లెక్కించుటకు రక్తపు వేగము తెలియవలెను. విజయవాడ రహదారిపై వచ్చు లారీ మనవైపు వచ్చునపుడు దాని హారను సన్నగను, దాటిపోయిన పిమ్మట బొంగురుగను వినబడును గదా. ఆ మార్పును బట్టి వేగమును చెప్పవచ్చునని ఆస్ట్రియా దేశీయుడు క్రిస్టియన్ డాప్లర్ 1842లోనే ప్రతిపాదించెను. రక్తకణములనుండి తిరిగివచ్చు ధ్వనికిని ఈ సూత్రమే వర్తించును.

వేగమునుండి పోటును ఎట్లు తీయుదురు? ఈ సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. ఇబ్రహీంపట్నపు పెద్ద చెరువు నిండియున్నపుడు తూము తెరచిన నీరు ఎంత వడిగా దూకును? చెరువు అడుగంటినపుడు ఎంత మెల్లగా కారును? తూమునుండి దూకు నీటి వడిని చూచి, కట్టకు ఆవల నీరు ఎంత ఎత్తున నున్నదో చెప్పగల నీరటికాండ్రు మన గ్రామములలో ఉండిరి. వారు వాడిన లెక్కయే స్విట్జర్లాండు పండితుడు డానియల్ బెర్నౌలి 1738లో వ్రాసిన లెక్క. అందలి కీలకమిది: నీటి ఎత్తు నాలుగింతలైన వడి రెండింతలు మాత్రమే యగును. కావున వడినుండి ఎత్తును తీయవలెనన్న, వడిని దానితోనే గుణింపవలెను.

కుడి గుండెలో క్రింది గది చెరువు వంటిది. పై గదికిని దానికిని నడుమ మూడు రేకుల కవాటము తూము తలుపు వంటిది. ఈ తలుపు అనేకులలో, ఆరోగ్యవంతులలో సైతము, పూర్తిగా మూసికొనక కొంచెము రక్తమును వెనుకకు చిమ్మును. వైద్యులు దీనినే టి.ఆర్. అని వ్రాయుదురు. ఆ చిమ్ము వేగమును సెకనుకు ఇన్ని మీటర్లని కొలిచి, ఆ అంకెను దానితోనే గుణించి, మరల నాలుగుతో గుణింతురు. వేగము 3 అయిన, మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది నాలుగులు 36. దీనికి పై గదిలోని పోటును కలుపుదురు. మొత్తము పుపుస ధమని పై పోటుగా ఎంచబడును. ఈ లెక్కను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వైద్యులు యాక్, పాప్ అనువారు 1984లో రోగులలో పరీక్షించి ప్రకటించిరి. నాటినుండి లోకమంతటను ఇదియే వాడుక.

యుక్తి గొప్పది. దీనివలన కోట్లకొలది జనులకు సూది గ్రుచ్చకయే గుండె సంగతి తెలియుచున్నది. నేను దీనిని నిందింపను. అయితే తూము లెక్క ఏయే చోట్ల తప్పునో కూడ పెద్దలు తెలిసియుండవలెను.

మొదటిది. తూము కారనిచో లెక్కయే లేదు. కొందరిలో కవాటము చక్కగా మూసికొనును. మరికొందరిలో కారుచున్నను, స్థూలకాయమువలననో ఊపిరితిత్తులు గాలితో ఉబ్బుటవలననో కనబడదు. అప్పుడు “పోటు తెలియరాలేదు” అని వ్రాయవలెను. కొన్ని కాగితములందు “పోటు సహజము” అని వ్రాయుదురు. కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు.

రెండవది. ధ్వని కిరణము రక్తపు చిమ్ముకు సూటిగా ఎదురు నిలువవలెను. ఏటవాలుగా నిలిచిన వేగము తక్కువగా కనబడును. ఆ వాలు 30 డిగ్రీలైన, లెక్కలో నాలుగవ వంతు పోటు మాయమగును. అనగా 60 ఉండవలసినది 45 అగును.

మూడవది. వేగమును దానితోనే గుణించుటచేత చిన్న పొరపాటు పెద్దదగును. వేగములో పదింట ఒక వంతు హెచ్చు పడిన, పోటులో అయిదింట ఒక వంతు హెచ్చు పడును.

నాలుగవది. కలుపవలసిన పై గది పోటు కూడ ఊహయే. కడుపులోనుండి గుండెకు చేరు పెద్ద సిర వెడల్పు 2.1 సెంటీమీటర్లకు మించక, ముక్కుతో గట్టిగా గాలి పీల్చినపుడు సగముకంటె ఎక్కువ ముడుచుకొన్నచో 3 అందురు. వెడల్పై ముడుచుకొననిచో 15 అందురు. నడుమనున్న 8 అందురు. సిరను చూడకయే ఏదో ఒక అంకెను కలుపు వాడుకయు కలదు.

ఈ మూడవ, నాలుగవ దోషములు ఒక్కచోట కలిసినపుడు ఏమగునో చూడుడు. నిజమైన వేగము 3 గల రోగిని ఇరువురు పరీక్షించిరనుకొందము. ఒకరికి వేగము 2.7 అని తోచెను, సిర ముడుచుకొన్నదని 3 కలిపెను, మొత్తము 32. మరియొకరికి 3.3 అని తోచెను, 15 కలిపెను, మొత్తము 59. రోగి ఒక్కడే, దినము ఒక్కటే. ఒక కాగితము భయము లేదనుచున్నది, రెండవది భయపడుమనుచున్నది. ఈ కారణముచేతనే 2022 నాటి ఐరోపా నియమములు మొత్తపు అంకెను కాక, కొలిచిన వేగమునే ప్రధానముగా చూడుమని వైద్యులకు బోధించినవి.

అయిదవది. కట్టకు గండి పడినపుడు తూము లెక్క పనికిరాదు. కవాటము మిక్కిలి పాడై రక్తము విచ్చలవిడిగా వెనుకకు పోవుచున్నచో, వేగమునుబట్టి పోటు చెప్పుట చెల్లదు.

ఆరవది అన్నిటికంటె మోసకరమైనది. పోటుతో చాలకాలము పోరాడిన కుడి గుండె చివరకు డస్సిపోవును. అప్పుడు త్రోయు బలము లేక పోటు అంకె తగ్గును. బండి తేలికయగుటచేత కాక, ఎద్దు అలసి కాడి వదులుటచేత మోకు సడలినట్లు. అంకె 70 నుండి 50కి దిగినదని ఇంట సంతోషించుచుండగా, రోగి కాళ్లవాపు పెరుగుచుండును. కావున తగ్గిన అంకె నయమైనదనుటకు ఎల్లపుడు సాక్ష్యము కాదు.

ఈ దోషములు పుస్తకములలో ఊహించినవి మాత్రమే కావు. రెండు మార్గములను ప్రక్కప్రక్కన పెట్టి పరీక్షించినవారు కలరు. 2003లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఊపిరితిత్తుల మార్పిడికై ఎదురుచూచుచున్న 374 మంది రోగులను చూచిరి. ఎకోతో పోటును అంచనా కట్టగలిగినది 44 శాతము మందికి మాత్రమే. కట్టిన అంచనాలలో 52 శాతము, గొట్టముతో తీసిన కొలతకు 10 మిల్లీమీటర్లకంటె ఎక్కువ దూరమున ఉండెను. 2009లో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు ప్రకటించిన మరియొక పరిశీలనలో రెండు పరీక్షలను ఒక గంట వ్యవధిలోనే చేసిరి. అప్పుడును 48 శాతము అంచనాలు అంత దూరము తప్పినవి.

ఆ 2009 నాటి పరిశీలనలో వింతయైన సంగతి ఒకటి కలదు. రోగులందరి సగటు తీసిన, ఎకోకును గొట్టమునకును తేడా ఒక మిల్లీమీటరు కూడ లేదు. అట్లైన తప్పు ఎక్కడ? అంగడివాని తక్కెడ ఒకనికి పావుసేరు ఎక్కువ, మరియొకనికి పావుసేరు తక్కువ తూచినదనుకొనుడు. సాయంకాలము లెక్క చూచుకొన్న అంగడివానికి సరిపోవును. కాని తక్కువ సరకు ఇంటికి తీసికొనిపోయినవాని కడుపు నిండునా? ఊరందరి సగటు సరియైనను, మీ ఇంటి రోగి అంకె సరియైనదను నమ్మకము లేదు. 2011లో అనేక పరిశీలనలను కూర్చి చూచినవారు చెప్పినది వినుడు: నిజముగా పోటు హెచ్చిన 100 మందిలో ఎకో 83 మందిని పట్టుకొనును, 17 మందిని విడిచిపెట్టును. పోటు లేని 100 మందిలో 28 మందికి ఉన్నదని చెప్పును. కావలివానిగా ఇది మంచిదే. న్యాయాధిపతిగా చాలదు.

ఈ భేదమును తెలియకపోవుటవలన సంసారములే కదలిపోవును. నేనెరిగిన రెండు సంగతులు చెప్పెదను, పేర్లు చెప్పను.

ఒక పల్లెలో క్రొత్తగా పెండ్లియైన పిల్లకు ఆయాసము, నీరసము కలుగగా పట్టణమున ఎకో తీయించిరి. కాగితముపై 58 అని వచ్చినది. ఈ పోటు నిజముగా హెచ్చిన స్త్రీకి గర్భము ప్రాణాపాయకరము. ఆ మాట ఎవరో చెప్పగా అత్తవారింట కలత పుట్టినది. పిల్లను పుట్టినింటికి పంపివేయు మాట పెద్దల పంచాయతీకి వచ్చినది. తీర్పు చెప్పుటకు ముందు ఒకమారు విచారింతమని, ఆ ఊరి పెద్ద ఒకరు పిల్లను, ఆమె తండ్రిని, మామను నా యొద్దకు తీసికొనివచ్చిరి.

“డాక్టరు సాబ్, ఈ కాయితం మీద యాభై ఎనిమిది అని ఉన్నది గదా. దీన్ని బట్టి మేము ఏమని చెప్పాలె?” అని ఆయన అడిగిరి.

“పటేలా, దీనిని బట్టి మీరేమియు చెప్పరాదు. ఇంకను చూడవలసినది ఉన్నది” అంటిని.

కాగితమును మొదటినుండి చదివితిని. కుడి గుండె పరిమాణము సహజము. గుండె నడిమి గోడ నొక్కుకొనలేదు. పుపుస ధమని ఉబ్బలేదు. వేగము 3.3 అని ఉన్నది. సిర సంగతి వ్రాయకయే 15 కలిపియున్నారు. పిల్ల కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయియున్నది. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 7 మాత్రమే. రక్తము పలుచనైనవారికి గుండె హెచ్చుగా ప్రవహింపజేయవలసివచ్చును. ఆ వడికి ఎకో వేగము కూడ కొంత పెరుగును. మూడు నెలలు రక్తహీనతకు వైద్యము చేయించి, అనుభవజ్ఞుని చేత మరల ఎకో తీయించితిమి. వేగము 2.7, సిర చక్కగా ముడుచుకొనుచున్నది, మరి ఏ దోషమును లేదు. మొత్తము 32. ఆయాసము కూడ పోయినది. ఆ పిల్లకు గొట్టపు పరీక్ష అవసరమే లేకపోయినది. పంచాయతీయు జరుగలేదు.

రెండవది దీనికి విరుద్ధము. ఒక రైతు కాలు విరిగి నెలల తరబడి మంచమున నుండెను. లేచిన పిమ్మట పిక్క వాచినది, తగ్గినది. తరువాతి సంవత్సరము చెరువుకట్ట ఎక్కలేనంత ఆయాసము. ఎకో కాగితముపై “టి.ఆర్. లేదు, పోటు సహజము” అని ఉండెను. ఇంటివారు, “గుండె బాగున్నదట, సోమరితనమే” అనుకొనిరి. అదే కాగితమున పై భాగమున, కుడి గుండె పెరిగినదని ఒక చిన్న వాక్యము ఉన్నది. ఎవ్వరును చదువలేదు. అతనిని నగరమున పెద్ద ఆసుపత్రికి పంపగా, ఊపిరితిత్తుల రక్తప్రసార పరీక్షలో పాత రక్తపు గడ్డలు బయటపడినవి. గొట్టముతో కొలువగా సగటు పోటు 44 వచ్చినది. ఈ తెగ రోగులలో అనేకులకు ఆ గడ్డలను తొలగించు శస్త్రచికిత్స కలదు. సకాలమున తెలిసినచోనే ఆ మేలు. అతనికి ఆ చికిత్స జరిగినది. నేడు కట్టపై నడచుచున్నాడు.

మొదటి ఇంట అంకె లేని భయమును తెచ్చినది. రెండవ ఇంట లేని ధైర్యమును తెచ్చినది. రెండు కాగితములందును అంకెకు ప్రక్కన నిజము వ్రాయబడియే ఉన్నది. చదువువారు లేకపోయిరి.

ఇక గొట్టపు పరీక్షను గూర్చి మీరు భయపడుదురు. గుండెలోనికి గొట్టమన్న ఎవరికి భయము కలుగదు? అనుభవముగల ఆసుపత్రులలో జరిగిన 7,218 పరీక్షల లెక్క 2006లో ప్రకటింపబడినది. అందు గంభీరమైన ఉపద్రవములు నూటికి ఒకటి చొప్పున కలిగినవి. పరీక్ష కారణముగా మరణించినవారు నలుగురు. అపాయము లేదని నేననను. తక్కువ అనెదను. ఆ పరీక్ష పోటును మాత్రమే చెప్పి ఊరకుండదు. దోషము ఎడమ గుండెదో, ఊపిరితిత్తుల రక్తనాళములదో వేరుచేసి చూపును. ఇది ముఖ్యము, ఏలయన ఒకదానికి మేలుచేయు మందు రెండవదానికి కీడు చేయవచ్చును.

కొన్ని పనులకు వైద్యలోకము నేటికిని ఎకో అంకెను మాత్రమే అంగీకరింపదు. రాజమహేంద్రవరమున జన్మించిన డాక్టరు పనంగిపల్లి వేణుగోపాల్ 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో మన దేశమున తొలి సఫలమైన గుండెమార్పిడి చేసిరి. అట్టి శస్త్రచికిత్సకు ముందు రోగి పుపుస ధమని పోటును, అందలి నిరోధమును గొట్టముతోనే కొలుతురు. తెచ్చి పెట్టు క్రొత్త గుండెకు హెచ్చు పోటు అలవాటు ఉండదు. అంచనా తప్పిన అది మొదటి దినముననే ఓడిపోవచ్చును. అట్లే గుండెలో రంధ్రముండి పోటు మిక్కిలి హెచ్చినవారికి ఆ రంధ్రమును మూయవచ్చునా అని నిర్ణయించుటకును, పుపుస ధమనికై వాడు ప్రత్యేకమైన మందులను జీవితాంతము మొదలుపెట్టుటకు ముందును గొట్టపు పరీక్ష కావలెను. మన నగరమున నిమ్స్ వంటి ఆసుపత్రులలో ఈ సౌకర్యము కలదు. అందరికిని ఇది అక్కరలేదు. కారణము ఎడమ గుండెయని, పొగవలన చెడిన ఊపిరితిత్తులని స్పష్టముగ తెలిసినచో, చాలమందికి ఆ మూలమునకే వైద్యము చేయుదురు.

పెద్దలారా, మీ ఇంటికో మీ పంచాయతీకో ఇట్టి కాగితము వచ్చినపుడు మీరు అడుగవలసినవి అయిదు ప్రశ్నలు కలవు. వీనిని వ్రాసి ఉంచుకొనుడు.

ఒకటి: టి.ఆర్. వేగము ఎంత? 2.8 వరకు అయి మరి ఏ సూచనయు లేనిచో సంభావ్యత తక్కువ. 3.4 మించిన ఎక్కువ. నడుమనున్నదానిని ఇతర గురుతులను బట్టి తేల్చవలెను.

రెండు: ఆ చిమ్ము స్పష్టముగ కనబడినదా? కనబడనిచో పోటు సహజమని ఎట్లు వ్రాసిరి?

మూడు: పై గది పోటుగా ఎంత కలిపిరి? సిరను చూచి కలిపిరా, చూడకయా?

నాలుగు: కుడి గుండె పెరిగినదా? నడిమి గోడ నొక్కుకొన్నదా? పుపుస ధమని ఉబ్బినదా? ఎడమ గుండె, కవాటములు ఎట్లున్నవి? ఈ వాక్యములు అంకెకంటె బరువైనవి.

అయిదు: రోగి ఎట్లున్నాడు? కట్ట ఎక్కగలుగుచున్నాడా? కాళ్లు వాచినవా? రక్తహీనత ఉన్నదా? కాగితమునకును మనిషికిని పొత్తు కుదరనిచో మనిషిని నమ్మి, పరీక్షను మరల చేయింపుడు.

రెండవమారు ఎకో తీయించునపుడు పాత కాగితమును వెంట తీసికొనిపోవుడు. వీలైన అదే చోట చేయింపుడు. అప్పుడును మొత్తపు అంకెలను కాక వేగములను పోల్చుడు. 40 నుండి 45 అయినదని దిగులుపడి మందు మార్చమని వైద్యుని నిర్బంధింపకుడు; అంత తేడా ఒకే దినమున ఇరువురు పరీక్షించినను రావచ్చును. అంకె తగ్గినదని మీరే మందు మానకుడు.

ఒక్క ఎకో అంకెను పట్టుకొని పెండ్లి మాట తీయుట, గర్భమును గూర్చి తీర్మానించుట, ఆడపిల్లను పుట్టినింటికి పంపుట, భూమి అమ్మి ఖరీదైన మందులకు పూనుకొనుట, ఇవి తగని పనులు. అదే అంకె సహజమని ఉన్నదని ఆయాసపడువానిని సోమరియని దూషించుటయు తగదు. మీ మాటకు గ్రామమున విలువ ఉన్నది. “ఇది అంచనా; కొలత కాదు; ముందు విచారింతము” అని మీరొక్క మాట అన్నచో, ఆ కాగితము పట్టుకొని వచ్చినవారికి ఆలోచించుటకు వ్యవధి దొరకును. ఈ వ్యాధిలో అనేకులకు కావలసిన మొదటి మందు ఆ వ్యవధియే.